బంగారం పడని మట్టి

మా అత్తగారి ఊరు చిలకలూరిపేట నుంచి ఒంగోలు వైపు పోయే రోడ్డు మీద ఉంది. అక్కడ బస్సు ఆగాలని ఎక్కడా రాసి లేదు. ఆగితే దిగుతాం, ఆగకపోతే తర్వాతి ఊళ్లో దిగి వెనక్కి నడుస్తాం. ఊరి మొదట్లో, రోడ్డుకు ఆనుకుని ఒక రేకుల షెడ్డు ఉండేది. బ్యాటరీల షెడ్డు అనేవాళ్లు. పేటలో పత్తి మిల్లులున్నాయి కాబట్టి లారీలున్నాయి, లారీలున్నాయి కాబట్టి చచ్చిపోయిన బ్యాటరీలున్నాయి. వాటిని పగలగొట్టి, లోపలి సీసం పలకల్ని కరిగించి, కడ్డీలు పోసి అమ్ముకునే ఆసామి ఒకడు ఎక్కడి నుంచో వచ్చి ఆ షెడ్డు వేశాడు. కొన్నేళ్లు పొగ పెట్టాడు. తర్వాత ఎవరికీ చెప్పకుండా మూసేసి, స్థలాన్ని అమ్మకానికి పెట్టి పోయాడు. మా ఆవిడ వాళ్ల చర్చి సంఘం దాన్ని చవగ్గా కొనుక్కుంది. చవగ్గా వచ్చిన వస్తువు ఎందుకు చవగ్గా వచ్చిందో అడిగే అలవాటు మా వైపు తక్కువ.

ఇది ఎనభైల నడుమ మాట. మా కాపురం పేటలో. నేను రోజూ బస్సెక్కి గుంటూరు పోయి ఒక కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేవాణ్ణి. మా ఆవిడ టీచరు ట్రైనింగ్ చేసింది. సంఘం ఆ స్థలం కొన్నదని తెలియగానే అక్కడ చిన్నపిల్లల బడి పెడతానంది. వాళ్ల ఊళ్లో ఆడవాళ్లు మిరపకాయ కోతలకీ పత్తి తీతలకీ పోతూ పసిపిల్లల్ని వెంట తీసుకుపోయేవాళ్లు. గట్టు మీద గుడ్డ పరిచి పడుకోబెట్టి, పక్కన కాస్త పెద్ద పిల్లని కాపలా పెట్టేవాళ్లు. ఆ కాపలా పిల్ల చదువు అక్కడితో సరి. చిన్నవాళ్లని బడిలో పెడితే కాపలావాళ్లు కూడా బడికి వస్తారని మా ఆవిడ ఆలోచన.

సంఘ పెద్దలు ఒప్పుకున్నారు గానీ ఒక షరతు పెట్టారు. జూన్‌లో అన్ని బడులతోపాటు ఈ బడి కూడా తెరవాలి. లేకపోతే షెడ్డును పత్తి గోడౌనుగా అద్దెకిచ్చేస్తారు. పత్తి వ్యాపారి అప్పటికే ఒకసారి వచ్చి, రేకుల వంక మెచ్చుకోలుగా చూసి పోయాడు. గోడౌనైన షెడ్డు మళ్లీ బడి కాదని ఆమెకి తెలుసు, నాకు తెలుసు, పత్తి వ్యాపారికి మా ఇద్దరికన్నా బాగా తెలుసు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఇద్దరం స్థలం చూడటానికి వెళ్లాం. ఆమె గోడలు చూసింది, రేకులు చూసింది, వెనక ఖాళీ స్థలంలోకి వెళ్లి నేల చూసి ఆగిపోయింది.

"ఏమండీ, ఇక్కడ కంప మొలవలేదేంటి?"

మా ప్రాంతంలో చిల్లకంప మొలవని చోటు చూపించడం కష్టం. రైలు పట్టాల మధ్య మొలుస్తుంది, బావి గోడలో మొలుస్తుంది, ఓపిగ్గా నిలబడితే మనిషి మీద కూడా మొలుస్తుంది. అలాంటిది ఈ నేల వంక కన్నెత్తి చూడలేదు. నేల నల్లగా, బూడిద కలిసినట్టు, అక్కడక్కడా తెల్లటి పెచ్చులతో ఉంది.

"అదృష్టం. కొట్టించే పని తప్పింది" అన్నాను.

"కంపేంది అల్లుడు గారూ, కోడి కూడా ఇటు రాదు" అన్నారు వెనక నుంచి.

ఆయన సంఘ పెద్దల్లో ఒకడు. సంఘానికి పెద్ద కాకముందు ఆ షెడ్డులో సీసం కరిగించే పని చేశాడు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయి ఉండేది. చర్చిలో ప్రార్థనకి చేతులెత్తమన్నప్పుడు కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని ఎత్తేవాడు. నేను ఆ ఊరికి అల్లుణ్ణి కాబట్టి ఊరంతా నన్ను అల్లుడు గారనే పిలిచేది. ఆ పిలుపులో గౌరవం ఎంతో, వేళాకోళం ఎంతో విడదీయడం నా కెమిస్ట్రీ వల్ల కాలేదు.

"బ్యాటరీల్లో యాసిడంతా ఆ మూల పోసేవాళ్లం. పొయ్యిలో మిగిలిన చిట్టెం ఈ మూల పోసేవాళ్లం" అని చూపించాడు.

"ఇది ఒంటికి మంచిది కాదని మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పకేం. ఓనరు మంచోడే. సాయంత్రం పూట తలా ఒక బెల్లం ముక్క ఇచ్చేవాడు. లోపలికి పోయిన పొడినంతా బెల్లం లాగేసిద్దని." కాసేపు ఆలోచించి, "బెల్లం మాత్రం మంచి బెల్లం" అన్నాడు.

మట్టిని పొట్లం కట్టి కాలేజీకి తీసుకుపోయాను. సీసాన్ని పట్టుకోవడానికి మా లాబ్‌లో ఉన్న పద్ధతి ఇంటర్ పిల్లలు చేసేదే. మట్టిని ఆమ్లంలో మరగబెట్టి, వడపోసి, ఆ నీళ్లలో పొటాషియం అయోడైడ్ వేస్తే, సీసం ఉన్నచోట పసుపు కలిపినట్టు పచ్చగా విరుగుతుంది. గాజుగొట్టాన్ని వేడి చేస్తే ఆ పసుపు కరిగి మాయమవుతుంది. చల్లారనిస్తే సన్నటి బంగారు రేకులై, మెరుస్తూ, మెల్లగా కిందికి రాలుతుంది. కెమిస్ట్రీలో అందమైనవి తక్కువ. ఉన్నవాటిలో ఇదొకటి. ఏటా ఇది చూపించి పిల్లల్ని కెమిస్ట్రీ మీద ప్రేమలో పడేసేవాణ్ణి. ఆ ప్రేమ మార్చి పరీక్షల దాకా నిలిచేది కాదు. ఆ రోజు మా స్థలం మట్టిలోంచి రాలినంత బంగారం నేను మా లాబ్ రసాయనాల్లోంచి కూడా ఎప్పుడూ రాల్చలేదు.

ఇంటికి వచ్చి చెప్పాను. సీసం ఒంట్లో చేరితే ఓ పట్టాన పోదని, పెద్దవాళ్లకి కడుపునొప్పి వస్తుందని, చెయ్యి వాలుతుందని, పసివాళ్లకైతే బుర్రే ఎదగదని. ఇంకాస్త వివరంగా చెప్పబోతుంటే ఆపింది.

"ఎంత లోతు తవ్వాలి?"

"ముందసలు అక్కడ బడి..."

"అది నేను చూసుకుంటాను. ఎంత లోతు?"

పెళ్లయిన కొత్తలో ఇలాంటప్పుడు వాదించేవాణ్ణి. "బంగారం పడటం ఆగేదాకా" అన్నాను.

ఈ పని ఎవరిని అడిగి చెయ్యాలో కనుక్కుందామని ఒక ఆఫీసుకి వెళ్లాను. వాళ్లు ఇంకో ఆఫీసు పేరు చెప్పారు. ఆ ఇంకో ఆఫీసువాళ్లు మొదటి ఆఫీసు పేరు చెప్పారు. రెండు చోట్లా కుర్చీ వేసి, టీ ఇచ్చి పంపారు. కాలేజీకి వేసవి సెలవులివ్వగానే పని మేమే మొదలుపెట్టాం.

పొలం పనులు లేని రోజులు కాబట్టి సంఘంలో మనుషులు దొరికారు. మా ఆవిడ మొదటి రోజే నియమాలు చెప్పింది. నీళ్లు చల్లకుండా పార వెయ్యకూడదు. మూతికీ ముక్కుకీ తడిగుడ్డ కట్టుకోవాలి. అన్నం మూట విప్పే ముందు మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోవాలి. పని బట్టలు అక్కడే విప్పి ఉతికి ఆరేసి, వేరే బట్టలతో ఇంటికి పోవాలి. అన్నిటికీ తలూపారు. ఆఖరున, పని దగ్గర చుట్ట కాల్చకూడదంది. పారలు కింద పెట్టేశారు.

"అల్లుడు గారూ, మీరన్నా చెప్పండి. సీసం ఎప్పటికో చంపుద్ది. చుట్ట లేకపోతే మజ్జానానికే పోతాం" అన్నాడొకడు.

"పోతే ఇంకొకణ్ణి పెట్టుకుంటాను" అంది మా ఆవిడ. అందరూ నవ్వి పారలు ఎత్తుకున్నారు. సబ్బు పట్టుకుని నీళ్ల తొట్టి పక్కన తనే నిలబడేది. సబ్బుబిళ్ల అంత వేగంగా అరగడం నేను పెళ్లిళ్లలో కూడా చూడలేదు.

నేను కాలేజీ నుంచి స్పిరిటు దీపం, నాలుగు గాజుగొట్టాలు, రెండు సీసాల మందు తెచ్చి షెడ్డు అరుగు మీద చిన్న లాబ్ పెట్టాను. నేలని గళ్లు గళ్లుగా విడదీసి తవ్వుతూ పోయాం. ఒకచోట జానెడు తవ్వితే చాలేది. పొయ్యి ఉన్నచోట మోకాల్లోతు తవ్వినా గొట్టంలో పచ్చదనం వదల్లేదు. అడుగున తెల్లటి సుద్ద తగిలి, అందులోంచి తీసిన నీళ్లు తేటగా నిలబడితే, ఆ గడి పూర్తయినట్టు. చెయ్యి వాలిన మా సంఘ పెద్ద దాని చుట్టూ సున్నంతో గీత గీసి, అక్కడికి చెప్పుల కాళ్లతో ఎవర్నీ రానిచ్చేవాడు కాదు.

తవ్విన మట్టిని ఏం చెయ్యాలో కూడా ఆలోచించే పెట్టుకున్నాను. స్థలంలో మెరక మీద, బావికి బాగా దూరంగా, లోతుగా గుంట తవ్వించడం మొదలుపెట్టాం. దాని గోడలకీ అడుక్కీ తడిపిన నల్లరేగడి మెత్తి, సున్నం పోసి, మట్టిని అందులో కూరి, పైన మళ్లీ నల్లరేగడి, ఆ పైన సిమెంటు పలక. నల్లరేగడి తడిసి బిగిస్తే నీటిచుక్కని దిగనివ్వదని వానాకాలంలో సైకిలు నడిపిన ప్రతివాడికీ తెలుసు. గుంట పూర్తయ్యేదాకా మట్టిని రోడ్డు వైపున గుట్ట పోశాం. గాలికి పొడి లేవకుండా టార్పాలిన్ పట్టా కప్పాం. ఎవరూ దగ్గరికి రాకుండా చుట్టూ కంప వేశాం. 'ప్రమాదం. విషపు మట్టి. ముట్టరాదు' అని ఎర్ర రంగుతో బోర్డు రాసి పాతాను. అక్షరాలు బాగా కుదిరాయి. వెనక్కి నడిచి రోడ్డు మీద నుంచి కూడా చూసుకున్నాను.

నేల తవ్వకం అయిపోయి, గుంట పని నడుస్తోంది. ఒకరోజు తెల్లారేసరికి గుట్ట సగం లేదు.

పట్టాని మాత్రం నీటుగా మడతపెట్టి, ఎగిరిపోకుండా రాయి పెట్టి పోయారు. కంప తీసిన చోట తీసినట్టు పక్కకు సర్దారు. బండిచక్రాల జాడలు రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న మిరప చేలోకి తిన్నగా వెళ్లాయి. దాచుకోవాలన్న ఆలోచన వాటికి లేదు.

దీన్ని దొంగతనం అనడానికి లేదు. మా వైపు పాత ఊరు ఉండి పోయిన దిబ్బల్లో నల్లగా, బూడిద కలిసినట్టుండే మట్టిని పాటిమన్ను అంటారు. చేలో తోలితే మిరప విరగకాస్తుందని నమ్మకం, చాలావరకు నిజం. వేసవిలో చేలు ఖాళీగా ఉన్నప్పుడు ఎవరి బండి ముందు పోతే వాళ్లదే ఆ మన్ను. అడగడం, చెప్పడం లేదు. తోలిన మన్నును చేనంతా చిన్న చిన్న కుప్పలుగా వదిలేస్తారు. తొలకరి వాన పడ్డాక చిమ్మి దున్నుతారు. కాబట్టి మాకు వాన పడేదాకా గడువుంది. పడిందంటే ఆ మట్టి చేలో కలిసిపోతుంది, ఇక ఎవరూ ఏరలేరు.

ఆ చేను ఊళ్లో మోతుబరి రైతుది. మా ఆవిడ ఆయన్ని చిన్నప్పటి నుంచీ బాబాయ్ గారని పిలుస్తుంది. నేను వెళ్లేసరికి చేను గట్టు మీద నిలబడి కుప్పల వంక తృప్తిగా చూసుకుంటున్నాడు.

"ఏంది అల్లుడు గారూ, పొద్దున్నే చేలోకొచ్చారు? కెమిస్ట్రీ మానేసి మిరప వేస్తారా ఏంది?"

"లేదండీ. మా మట్టి కోసం వచ్చాను."

"పాటిమన్ను మీది, నాది అని ఉండదయ్యా. తోలుకున్నోడిది."

"అది పాటిమన్ను కాదండీ. సీసం కలిసిన విషపు మట్టి. బోర్డు కూడా పెట్టాను."

"చూశా. చదివా కూడా. బోర్డు పెట్టారు, కంప వేశారు, పైన పట్టా కప్పారు. విషానికి ఎవడన్నా పట్టా కప్పుతాడా? ఎండకి సారం పోకుండా ఎరువుకి కప్పుతారు."

"పొడి గాలికి పోకుండా కప్పానండీ."

"నేననేదీ అదే. పొడి కూడా పోనివ్వటల్లేదు మీరు." ఆయన గొంతు తగ్గించాడు. "మీ మామగారి చేను కోసమేగా?"

"మా మామగారికి చేను లేదండీ."

"అయితే కొంటన్నాడన్నమాట" అన్నాడు.

మాటలతో అయ్యే పని కాదని, ఒక కుప్పలోంచి గుప్పెడు మట్టి తీసుకుని ఆయన్ని షెడ్డు అరుగు దగ్గరికి తీసుకొచ్చాను. పనివాళ్లూ, రోడ్డు మీద పోయేవాళ్లూ చుట్టూ చేరారు. కళ్లతో చూస్తే ఎవరైనా నమ్ముతారని నా ధీమా. మట్టిని మరగబెట్టాను, వడపోశాను, మందు వేశాను. పచ్చగా విరిగింది. వేడి చేశాను, మాయమైంది. గొట్టాన్ని నీళ్లలో పెట్టి తీసి ఎండకి ఎదురుగా పట్టుకున్నాను. బంగారు రేకులు తళతళమంటూ రాలాయి. నా జీవితంలో అంత బాగా కుదిరిన ప్రయోగం ఇంకోటి లేదు.

రైతు గొట్టం దగ్గరికి మొహం పెట్టి చాలాసేపు చూశాడు.

"ఇది విషమా?"

"విషమేనండీ."

"బంగారంలాగా ఉందే."

"ఉంటుంది. కాదు."

"మీరు అట్టాగే అంటారులే" అన్నాడాయన, నా తెలివికి ముచ్చటపడుతున్నట్టు.

సాయంత్రానికల్లా ఊళ్లో సంగతి తేలిపోయింది. లెక్చరర్ గారు బడి వంక పెట్టుకుని, సెలవుల్లో వచ్చి, మట్టిలోంచి బంగారం తీస్తున్నారట. ఇద్దరు ముసలమ్మలు తట్టలు పట్టుకుని వచ్చి, కాస్త మట్టి ఇప్పించమని మర్యాదగా అడిగారు. పత్తి వ్యాపారి మళ్లీ వచ్చాడు. ఈసారి రేకులు చూడలేదు, నేల చూశాడు.

"వాళ్లకి బంగారం చూపించి, ముట్టుకోవద్దని చెప్పారా?" అంది మా ఆవిడ.

"అది లెడ్ అయోడైడ్."

"నాకు తెలుసు" అంది. ఆ రోజుకి నన్ను అంతటితో వదిలేసింది.

మిగిలిన గుట్టకి కాపలా పెట్టి ఇద్దరం కూర్చుని ఆలోచించాం. ఇబ్బంది ఒకటే. మట్టి వెనక్కి రావాలంటే అది విషమని ఊరంతా నమ్మేటట్టు చెప్పాలి. అలా నమ్మితే ఆ మట్టి వచ్చిన చోటికి పిల్లల్ని ఏ తల్లి పంపుతుంది? బడికి పిల్లలు రాకపోతే జూన్‌లో షెడ్డు గోడౌనే. చెప్పకపోతే మొదటి వానకి మట్టి చేలో కలుస్తుంది. ఈ రెండిటి మధ్య ఎక్కడైనా సందు ఉందేమోనని నేను వెతుకుతున్నాను. ఆమె వెతకలేదు.

"గట్టిగానే చెబుదాం. తర్వాత సంగతి తర్వాత."

మర్నాడు సంఘ పెద్దని వెంటబెట్టుకుని రైతు ఇంటికి వెళ్లాం. ఆయన అరుగు మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. మా పెద్ద ఎడమచేత్తో గ్లాసు అందుకున్నాడు. ఒకప్పుడు ఆయన ఈ రైతు దగ్గరే సేద్యం చేశాడు. గొర్రు పట్టి విత్తనం వేస్తే సాలు తాడు లాగినట్టు వచ్చేదని ఊళ్లో చెప్పుకునేవాళ్లు.

"బాబాయ్ గారూ, ఈయన చెయ్యి చూశారా?" అంది మా ఆవిడ.

"చూడకేం. వాతం. ఎన్నేళ్ల నుంచో చూస్తన్నా."

"వాతం కాదయ్యా" అన్నాడు మా పెద్ద. "మీ దగ్గర గొర్రు పట్టినన్నాళ్లూ ఈ చెయ్యి బానే ఉంది. ఆ షెడ్డులో చేరినాకే వాలింది. నాతో చేసినోళ్లకి కడుపునొప్పి, చిగుళ్ల మీద నీలం గీత. ఇప్పుడు మీరు చేలో పోసింది ఆ మట్టే. రేపు అందులో కాయ కొయ్యటానికి వచ్చేది మా ఆడోళ్లే."

రైతు గ్లాసు కింద పెట్టాడు. "మరి ఇన్నాళ్లూ వాతం అని ఎందుకు చెప్పావురా?"

"డాక్టరు అన్నాడు. మీరూ అన్నారు. నేనొక్కణ్ణే కాదంటే ఏం బాగుంటదని ఊరుకున్నా."

రైతు ఆ వాలిన చేతిని తన చేతిలోకి తీసుకుని, మణికట్టు కింద వేళ్లు పెట్టి ఎత్తి చూసి, వదిలాడు. అది మళ్లీ వాలింది. గాజుగొట్టంలో నేను చూపించలేనిది అందులో ఏదో ఆయనకి కనిపించింది.

"సరే అమ్మాయ్" అన్నాడు చివరికి. "నా చేలోకే పనికిరాని మట్టి ఉన్న చోట పసిపిల్లల్ని ఎట్టా కూచోబెడతావు?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. పొడుగాటి జవాబు సిద్ధం చేసుకుని వచ్చాను. గొంతు సవరించుకునేలోగా ఆమె చెప్పేసింది.

"ఆ మట్టి మీ చేలో ఉంది బాబాయ్ గారూ. మా నేలలో లేదు, తీసేశాం. నమ్మకం లేకపోతే రేపు గునపం తెచ్చుకుని రండి. మీ ఇష్టమొచ్చిన చోట తవ్వండి. ఊళ్లోవాళ్లని కూడా తీసుకురండి. ఈయన అందరి ముందూ పరీక్ష చేస్తారు."

"మీ ఆయన గొట్టంలో బంగారం పడితే?"

"పడిన చోట పిల్లల్ని కూర్చోబెట్టను."

దారిలో ఆమెని అడిగాను. "ఏ మూలన్నా మిగిలి ఉంటే?"

"ఉందా?"

"లేదనే అనుకుంటున్నాను."

"ఉంటే తెలుస్తుంది. తెలియడం మంచిదేగా" అంది.

మర్నాడు పొద్దున ఊరు ఊరంతా వచ్చింది. పిల్లల ఆరోగ్యం మీద శ్రద్ధతో వచ్చారని చెప్పలేను. బంగారం పడటం చూద్దామని వచ్చారు. తట్టల ముసలమ్మలు ముందు వరసలో కూర్చున్నారు. పత్తి వ్యాపారి స్కూటరు రోడ్డు మీద ఆపి, దాని మీదే కూర్చున్నాడు. రైతు పంచె ఎగగట్టి, పొయ్యి ఉన్నచోట గునపం వేశాడు. ఆ మట్టి తీసుకుని పరీక్ష చేశాను. నీళ్లు తేటగా నిలబడ్డాయి.

జనం నిట్టూర్చారు. ఆయన ఇంకోచోట తవ్వాడు. అక్కడా తేటే. యాసిడ్ పోసిన మూల తవ్వాడు, చిట్టెం పోసిన మూల తవ్వాడు. తేటే. ఒక్కో గొట్టం ఎత్తి చూపిస్తుంటే ఊరి మొహం వాడిపోతోంది. "ఇంకాస్త మందు వెయ్యండి మాస్టారూ" అని ఒకరు నాకు ధైర్యం చెప్పారు. ఏమీ పడకూడదని ప్రయోగం చేస్తున్నవాణ్ణి, ఏదో ఒకటి పడాలని కోరుకుంటున్న ఇంతమంది మధ్య నిలబడటం నాకు అదే మొదలు.

ఆఖరున రైతు గేటు దగ్గరికి నడిచాడు. గేటు లోపల, లారీలు ఆగి బ్యాటరీలు దించిన జాగా అది. అక్కడ పైపైన ఒక జానెడు తీసి, తేట రావడంతో సుద్ద దాకా పోకుండా ఆపేశాం. లారీలు దిగబడకుండా ఓనరు పాత నేల మీద వేరే మట్టి తోలించి ఉంటాడని మాకు తోచలేదు. ఆయన గునపం సందేహం లేకుండా మూరెడు లోతు దించాడు. మట్టి తీసి మరగబెట్టాను. మందు వేశాను.

పచ్చగా విరిగింది.

"పడింది" అని ముసలమ్మలు లేచి నిలబడ్డారు. ఊరంతా ముందుకి జరిగింది. స్కూటరు మీద నుంచి వ్యాపారి కూడా దిగాడు. గొట్టం ఎత్తి చూపించాలా, చేతిలోనే దాచుకోవాలా అని ఒక్క క్షణం ఆలోచన రాలేదని చెబితే నేను ఈ ఊరి అల్లుణ్ణే కాదు. మా ఆవిడ గొట్టం నా చేతిలోంచి తీసుకుని అందరికీ కనబడేటట్టు పైకి పట్టుకుంది.

"ఇక్కడ ఉంది. ఇది విషం. మీరు పడాలని కోరుకుంటున్నది ఇదే. ఇంకా తవ్వుతాం. తవ్వి మళ్లీ చూపిస్తాం, ఎవరూ వెళ్లకండి" అంది. హాజరు పిలిచే గొంతే.

మా పెద్ద అప్పటికే నీళ్లు చల్లుతున్నాడు. నలుగురు దిగి తవ్వారు. ఒక పొరకీ పచ్చగానే వచ్చింది, రెండో పొరకీ వచ్చింది. ఎండ నెత్తి మీదికొచ్చింది. ఎవరూ వెళ్లలేదు. రైతు గేటు స్తంభం నీడలో గొంతుక్కూర్చుని, ఒక్కో గొట్టాన్నీ చేతికి తీసుకుని చూసి నాకిస్తున్నాడు. అడుగున సుద్ద తగిలాక తీసిన నీళ్లు తేటగా నిలబడ్డాయి. ఈసారి నిట్టూర్పు వినబడలేదు. ముందు వరసలో ఒకామె పక్కనున్నామెతో "అమ్మయ్య, పడలా" అంది. అది విని నేను స్పిరిటు దీపం ఆర్పేశాను.

రైతు లేచి పంచె దులుపుకున్నాడు.

"ఒరేయ్, బళ్లు కట్టండి" అని తన మనుషులకి చెప్పాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "కుప్పలు ఎత్తేటప్పుడు వాటి కింద జానెడు నేల కూడా ఎత్తిస్తా. మీరు ఆ గొట్టాలు తెచ్చుకుని రండి అల్లుడు గారూ. నా చేలో కూడా బంగారం పడగూడదు."

బళ్లు పట్టపగలు, ఊరంతా చూస్తుండగా మట్టిని వెనక్కి తోలాయి. దాన్ని గుంటలో కూరి, సున్నం పోసి, నల్లరేగడి కప్పి, పైన సిమెంటు పలక వేశాం. దాని మీద బోర్డు రాస్తానన్నాను. వద్దంది మా ఆవిడ. బోర్డు పెడితే లోపల ఏముందోనని తవ్వుతారు, జెండా కర్ర పాతితే ఎవరూ తవ్వరంది. ఆ పలకే బడికి జెండా దిమ్మ అయింది. బళ్లని చక్రాలతో సహా బావి నీళ్లతో కడిగించాక, రైతు వాటిలో శుభ్రమైన ఎర్రగరప మట్టి తోలించి మేం తవ్విన పల్లాలు పూడ్చాడు. అడక్కుండా ఎందుకు చేశారంటే, ఎద్దులు ఖాళీ బండి లాగితే వాటికి పరువు తక్కువన్నాడు. సిమెంటు ఆరాక, పెద్ద తొందరేమీ లేనట్టు, తొలకరి పడింది. పత్తి వ్యాపారికి పేటలో ఇంకో షెడ్డు దొరికిందని విన్నాను.

జూన్‌లో బడి తెరిచిన రోజు పొద్దున్నే గేటు దగ్గర నిలబడ్డాం. విత్తనాల పనికి పోయే ఆడవాళ్లు దారిలో ఆగి పిల్లల్ని దింపుతున్నారు. చిన్నవాళ్ల వెనక కాపలా పిల్లలు కూడా వచ్చారు, ఎందుకొచ్చారో తమకే తెలియనట్టు చూస్తూ. మా ఆవిడ ఒక్కొక్కరినీ చెయ్యి పట్టుకుని లోపలికి పంపుతోంది. అందరూ వెళ్లాక కూడా ఒకామె చంకలో పిల్లాణ్ణి దింపకుండా నిలబడే ఉంది.

"ఏమ్మా?" అంది మా ఆవిడ.

"వీడికో పాడు అలవాటుందమ్మా. మన్ను తింటాడు. ఎంత కొట్టినా మానటల్లేదు." ఆమె నేల వంక చూసింది. "ఇక్కడ తింటే..."

మా ఆవిడ నా వంక చూసింది. వేసవంతా మరగబెట్టిన గొట్టాలన్నీ ఒక్కసారి గుర్తుకొచ్చాయి. నేను తల ఊపాను.

"తింటే రెండు దెబ్బలేస్తాను" అంది మా ఆవిడ చేతులు చాపి. "అంతకు మించి ఏమీ కాదు."

ఆమె పిల్లాణ్ణి అందించి, కొంగు నడుముకి దోపుకుని, ముందుపోయినవాళ్లని అందుకోవడానికి చేల వైపు గబగబా నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.